గైడ్ ఎవరన్నదే అసలు ప్రశ్న: డిగ్రీ, బీటెక్ ప్రాజెక్టుల్లో దళిత విద్యార్థుల చోటు

బీఎస్సీ, బీటెక్ చదివే విద్యార్థులు ఎక్కువ కాలం ఇంకొకరు వేసిన ప్రశ్నలకు ఇంకొకరు చెప్పిన జవాబులే రాస్తారు. ఆ చదువు మొత్తంలో ఒకటి రెండు సార్లు మాత్రం ప్రశ్న తామే వేసుకొని, కొలిచి, లెక్కగట్టి, జవాబు తామే రాసే అవకాశం వస్తుంది. కాలేజీల్లో దాన్ని ప్రాజెక్టు అంటున్నారు. ఒక అధ్యాపకుడో అధ్యాపకురాలో దగ్గరుండి నడిపిస్తే అది పరిశోధనకు తొలిమెట్టు. నడిపించేవారు లేకపోతే స్పైరల్ బైండింగ్ చేయించిన కాగితాల కట్ట.

ధర్మపురి, జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాల దళిత విద్యార్థులకు ఈ అవకాశం ఎక్కడ ఉంది, ఎక్కడ తెగిపోతోంది, దాన్ని ఎలా అడిగి తీసుకోవాలి అన్నవి ఈ వ్యాసంలో ఒకచోట పెడుతున్నాం. మేము చెప్పదలచుకున్నది ఒక్కటే. కాగితం మీద ఈ అవకాశం అందరికీ ఉంది. అది చేతికి అందడం మాత్రం గైడ్‌ను ఎలా కేటాయిస్తారు, ఆ గైడ్ నుంచి కాలేజీ ఏం ఆశిస్తుంది అన్న రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. రిజర్వేషన్ మనల్ని సీటు వరకు తీసుకెళ్తుంది. సీటు నుంచి ల్యాబు దాకా ఉన్న దారిలో ఏ రోస్టరూ లేదు.

దేన్ని పరిశోధన అనాలి

డిగ్రీ స్థాయి పరిశోధన అంటే కొత్త సిద్ధాంతం కనిపెట్టడం కానక్కర్లేదు. మూడు లక్షణాలుంటే చాలు. ఒకటి, జవాబు ముందే తెలియని ప్రశ్న ఉండాలి. రెండు, ఆ ప్రశ్నకు జవాబు చెప్పే కొలతలు విద్యార్థి స్వయంగా తీయాలి. మూడు, ఆ కొలతలు తప్పా ఒప్పా అని అడిగే పెద్ద దిక్కు ఒకరు వారం వారం ఉండాలి. ల్యాబ్ రికార్డులో చేసే ప్రయోగానికి మొదటి లక్షణం ఉండదు, ఎందుకంటే ఓమ్ నియమం సరైనదే అని మనకు ముందే తెలుసు. డబ్బిచ్చి తెచ్చుకునే ప్రాజెక్టుకు ఈ మూడింటిలో ఒక్కటీ ఉండదు.

మూడో లక్షణమే అన్నిటికన్నా ఖరీదైనది. పరికరాలు అరువు తెచ్చుకోవచ్చు, పుస్తకాలు ఫోనులో చదువుకోవచ్చు. కాని 'ఈ రీడింగు ఎందుకు ఇలా వచ్చింది, మళ్లీ తీయి' అని చెప్పే మనిషిని ఎక్కడి నుంచి తెచ్చుకుంటాం? ఇంట్లో చదువుకున్న తాతలు, మేనమామలు ఉన్నవారికి ఆ మాట ఎక్కడో ఒకచోట వినపడుతుంది. మొదటి తరం విద్యార్థికి అది వినపడే చోటు కాలేజీ ఒక్కటే.

మన ప్రాంతంలో ఏమేం ఉన్నాయి

జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు 2016 అక్టోబర్ 11న ఏర్పడ్డాయి. ధర్మపురి శాసనసభ స్థానం ఎస్సీలకు రిజర్వు అయినది. వెనుకబడిన ప్రాంతమని పేరున్నా ఇక్కడ సైన్సు, ఇంజనీరింగ్ చదువులకు ప్రభుత్వ సంస్థలు తక్కువేమీ లేవు.

జగిత్యాల నుంచి కరీంనగర్ వెళ్లే దారిలో, కొండగట్టు దగ్గరి నాచుపల్లిలో జేఎన్‌టీయూ హైదరాబాద్ ఇంజనీరింగ్ కళాశాల 2007 నుంచి ఉంది. అదే విశ్వవిద్యాలయం సిరిసిల్లలో మరో కళాశాలను 2021లో మొదలుపెట్టింది. కోరుట్లలో పశువైద్య కళాశాల, జగిత్యాల దగ్గరి పొలాసలో వ్యవసాయ కళాశాల, దాని పక్కనే ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం ఉన్నాయి. సిరిసిల్ల జిల్లాలోని వ్యవసాయ కళాశాలకు బాబూ జగ్జీవన్ రామ్ పేరు పెట్టారు. ధర్మపురి, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లలో ప్రభుత్వ డిగ్రీ కళాశాలలున్నాయి. వీటికి తోడు 2016 నుంచి రాష్ట్రంలో సాంఘిక సంక్షేమ గురుకుల మహిళా డిగ్రీ కళాశాలలు నడుస్తున్నాయి. దళిత ఆడపిల్లలు ఉండి చదువుకోవడానికి అవి పెద్ద ఆసరా.

ఈ కాలేజీల్లో పరిశోధనకు పేరున్న కోర్సులు, కార్యక్రమాలు ఇవి.

బీటెక్: జేఎన్‌టీయూ హైదరాబాద్ 2022–23 బ్యాచ్ నుంచి తెచ్చిన ఆర్22 నిబంధనల్లో రెండో సంవత్సరం రెండో సెమిస్టర్‌లోనే 'రియల్ టైమ్ రీసెర్చ్ ప్రాజెక్ట్ లేదా ఫీల్డ్ బేస్డ్ రీసెర్చ్ ప్రాజెక్ట్' అని 2 క్రెడిట్ల కోర్సు ఉంది. క్షేత్రానికి వెళ్లి పరిశోధన చేయమని సిలబస్సే చెబుతోందన్నమాట. ఆ తర్వాత మూడో సంవత్సరంలో మినీ ప్రాజెక్టు, నాలుగో సంవత్సరంలో రెండు దశల మేజర్ ప్రాజెక్టు ఉంటాయి. మీ బ్యాచ్ సిలబస్ పుస్తకంలో వీటి పేర్లు, క్రెడిట్లు వెతికి చూసుకోండి.

డిగ్రీ: రాష్ట్ర విశ్వవిద్యాలయాల డిగ్రీ సిలబస్‌లో చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు, లేదా దాని బదులు ఒక పేపరు ఉంటుంది. చాలాచోట్ల సౌకర్యం కోసం పేపరునే ఎంచుకుంటారు. దీనికి బయట, కాలేజియేట్ ఎడ్యుకేషన్ కమిషనరేట్ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలకు 'జిజ్ఞాస' పేరుతో విద్యార్థి అధ్యయన ప్రాజెక్టుల పోటీ నడుపుతోంది. కొద్దిమంది విద్యార్థులు ఒక జట్టుగా, ఒక అధ్యాపకుడి పర్యవేక్షణలో ఒక అంశం మీద పనిచేసి, గెలుస్తూ వెళ్తే రాష్ట్రస్థాయిలో చూపిస్తారు.

వ్యవసాయం: దేశమంతటా బీఎస్సీ అగ్రికల్చర్ విద్యార్థులు చివరి సంవత్సరంలో ఊళ్లలో ఉండి రైతులతో పనిచేయాలి. 2015లో ప్రకటించిన 'స్టూడెంట్ రెడీ' కార్యక్రమంలో గ్రామీణ అనుభవంతో పాటు విద్యార్థి ప్రాజెక్టులు కూడా ఒక భాగం.

పరిశోధన అంటే హైదరాబాదులోనో బెంగళూరులోనో జరిగేది అనుకునేవారికి పొలాసే జవాబు. 'జగిత్యాల సన్నాలు' అని మనం పిలిచే వరి రకం అక్కడ పుట్టినదే. జిల్లాలో పుట్టిన పరిశోధన జిల్లా పొలాల్లోకి వెళ్లడం మనం కళ్లతో చూసిన సంగతి.

గైడ్ చేతిలో ఏముంటుంది

గైడ్ అంటే ప్రాజెక్టు పుస్తకం మీద సంతకం పెట్టేవారని చాలామంది అనుకుంటారు. నిజానికి ఆయన చేతిలో, ఆమె చేతిలో నాలుగు తాళం చెవులుంటాయి.

మొదటిది ప్రశ్న. ఏ ప్రశ్న ఒక సెమిస్టర్‌లో తేలుతుందో, ఏది తేలదో చెప్పగలిగేది అనుభవమున్న మనిషే. రెండోది ల్యాబు. క్లాసు అయిపోయాక, సెలవు రోజున ల్యాబు తలుపు ఎవరి కోసం తెరుచుకుంటుంది అన్నది గైడ్ మాట మీద ఉంటుంది. మూడోది పేరు. పని పేపరుగా వస్తే రచయితల వరుసలో విద్యార్థి పేరు ఉంటుందా, ఎక్కడ ఉంటుంది అన్నది. నాలుగోది లేఖ. వేసవి పరిశోధన ఫెలోషిప్పుకైనా, విదేశీ విశ్వవిద్యాలయానికైనా 'ఈ విద్యార్థి పని నేను చూశాను' అని అధ్యాపకులు రాసే సిఫారసు లేఖ కావాలి. పని చూడని మనిషి రాసే లేఖ నాలుగు పొడి వాక్యాలతో ముగుస్తుంది. దాన్ని చదివే కమిటీకి ఆ తేడా తెలుస్తుంది.

మేము బీటెక్ చదివిన కాలేజీ పేరు ఇక్కడ అవసరం లేదు. బ్యాచులు మీరే కట్టుకోండి అన్నారు. ర్యాంకర్లు ర్యాంకర్లతో, రూమ్మేట్లు రూమ్మేట్లతో కలిశారు. రెండు రోజుల తర్వాత ఏ జాబితాలోనూ పేరు లేకుండా మిగిలింది నలుగురం. నలుగురమూ సాంఘిక సంక్షేమ హాస్టల్ వాళ్లమే. మమ్మల్ని ఎవరూ వద్దనలేదు, ఎవరూ రమ్మనలేదు. మాకు గైడ్‌గా పడిన సార్‌ను సెమిస్టర్ మొత్తంలో రెండుసార్లు కలిశాం, రెండుసార్లూ సంతకం కోసమే. 'అమీర్‌పేటలో చేయించుకోండి, అందరూ చేసేదదే' అన్నారు. తలా కొంత వేసుకొని తెచ్చుకున్నాం. వైవాలో బయటి నుంచి వచ్చిన ఎగ్జామినర్ ఒక బొమ్మ చూపించి ఇది ఎందుకు ఇలా ఉందని అడిగితే నలుగురమూ నేల చూశాం. ఆయన ఏమీ అనలేదు, పేజీ తిప్పేశారు. అదే క్లాసులో ఇంకో బ్యాచ్ వాళ్లు రోజూ సాయంత్రం తమ గైడ్ గదిలో కూర్చునేవారు. ఆ వేసవిలో వాళ్లలో ఇద్దరు పెద్ద సంస్థకు ఇంటర్న్‌షిప్‌కు వెళ్లారు. ఆ నలుగురిలో తర్వాత పరిశోధన వైపు వచ్చింది ఈ వ్యాసం రాస్తున్న మేమే. అదీ ఎంటెక్‌లో ఒక మేడమ్ ప్రతి శుక్రవారం నోటుబుక్కు తెరిచి చూసినందువల్ల.

ఇది మా ఒక్కరి కథ అయితే రాయాల్సిన పని లేదు. ఢిల్లీ ఎయిమ్స్‌లో కుల వివక్ష ఆరోపణలపై 2006లో నియమించిన సుఖదేవ్ థోరట్ కమిటీ 2007లో నివేదిక ఇచ్చింది. ఆ కమిటీ అడిగిన ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల్లో దాదాపు 69 శాతం మంది అధ్యాపకుల నుంచి తమకు తగిన సాయం అందడం లేదని చెప్పారు. ఎయిమ్స్‌లో సీటు సంపాదించినవారి మాట ఇది. ఇంకో అంకె చూడండి. 2015 నుంచి 2019 వరకు ఐఐటీల్లో పీహెచ్‌డీలో చేరినవారిలో ఎస్సీలు 9.1 శాతం, ఎస్టీలు 2.1 శాతం అని కేంద్రమే పార్లమెంటుకు చెప్పింది. రిజర్వేషన్ శాతాలు 15, 7.5. అర్హులు దొరకలేదు అన్నది ఎప్పుడూ వినే సమాధానం. పీహెచ్‌డీ ఇంటర్వ్యూకు వచ్చేలోపు ఎవరికి ల్యాబు తలుపు తెరుచుకుంది, ఎవరికి లేఖ దొరికింది అన్న ప్రశ్న ఎవరూ అడగరు.

దారి ఎక్కడ తెగుతోంది

మొదటి తెగువు బ్యాచులు కట్టడంలోనే. మీరే కట్టుకోండి అన్నప్పుడు స్నేహాలు, హాస్టళ్లు, ఊళ్లు, వాటి వెనుక కులాలు బ్యాచులను కడతాయి. మార్కుల వరుసలో గైడ్‌ను ఎంచుకోమన్నా అదే జరుగుతుంది. మంచి గైడ్లు ముందే నిండిపోతారు.

రెండోది కొనుగోలు. హైదరాబాదులో ప్రాజెక్టులు అమ్మే సెంటర్లు ఒక వ్యాపారంగా నడుస్తున్నాయి. కొనే విద్యార్థిని దొంగ అనడం తేలిక. గైడ్ లేని విద్యార్థికి మార్కులు దక్కే మార్గం వేరే చూపించకుండా ఆ మాట అనడం అన్యాయం. నష్టం కూడా సమానంగా ఉండదు. తల్లిదండ్రులు కోచింగుకు, విదేశీ చదువుకు డబ్బు పెట్టగల విద్యార్థికి ప్రాజెక్టు పోయినా ఇంకో దారి ఉంటుంది. ఉపకార వేతనం మీద చదివే విద్యార్థికి అదొక్కటే దారి.

మూడోది అధ్యాపకుల పరిస్థితి. డిగ్రీ కళాశాలల్లో, విశ్వవిద్యాలయాల్లో కాంట్రాక్టు, గెస్టు అధ్యాపకులే చాలా భారం మోస్తున్నారు. వచ్చే ఏడాది ఉంటారో లేదో తెలియని మనిషిని రెండేళ్లు విద్యార్థిని నడిపించమని ఎలా అడుగుతాం? రెగ్యులర్ అధ్యాపకులకు కూడా దీనికి లెక్క లేదు. యూజీసీ 2018 నిబంధనల్లో పరిశోధన పాయింట్ల పట్టికలో ఒక పీహెచ్‌డీ పూర్తి చేయిస్తే 10 పాయింట్లు, ఒక పీజీ డిసర్టేషన్‌కు 2 పాయింట్లు ఉన్నాయి. డిగ్రీ విద్యార్థి ప్రాజెక్టుకు ఆ వరుసలో చోటు లేదు. కాబట్టి డిగ్రీ పిల్లలతో శనివారం సాయంత్రం కూర్చునే సార్లు, మేడమ్‌లు ఇష్టంతో చేస్తున్నవారే. ఇష్టం మీద నడిచేది ఇష్టమైనవారికే అందుతుంది. కులం దూరేది సరిగ్గా అక్కడే.

నాలుగోది వేసవి. పరిశోధన ఫెలోషిప్పులు ఎక్కువగా మే, జూన్ నెలల్లో ఉంటాయి. ఆ నెలల్లో హాస్టళ్లు మూస్తారు. మన పిల్లలు ఇంటికి వెళ్లి కూలికో, బట్టల దుకాణంలో పనికో పోతారు. నాన్న దుబాయిలోనో మస్కట్‌లోనో ఉండి, అమ్మ బీడీలు చుట్టి నడిపే ఇంట్లో రెండు నెలల కూలి చిన్న మొత్తం కాదు.

ఐదోది కొత్త గడప. యూజీసీ 2022 డిసెంబర్‌లో ఇచ్చిన నాలుగేళ్ల డిగ్రీ చట్రంలో, మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం, అంతకుమించి మార్కులు వచ్చినవారే నాలుగో ఏడు పరిశోధనతో ఆనర్స్ ఎంచుకోవచ్చు. తెలుగు మీడియం నుంచి వచ్చి మొదటి రెండు సెమిస్టర్లు ఇంగ్లీషుతోనే కుస్తీ పట్టిన విద్యార్థి ఈ గడప దగ్గర ఆగిపోతారు. పరిశోధన శక్తి మూడో ఏట వికసించినా మొదటి ఏటి మార్కులు వెనక్కి లాగుతాయి.

ఇతర దేశాలు ఏం చేశాయి

అమెరికాలో ఎంఐటీ 1969లో డిగ్రీ విద్యార్థులను అధ్యాపకుల ల్యాబుల్లో భాగస్వాములను చేసే కార్యక్రమం మొదలుపెట్టింది. భౌతిక శాస్త్రవేత్త మార్గరెట్ మెక్‌వికర్ దాన్ని నడిపించారు. 1987 నుంచి అక్కడి జాతీయ సైన్సు ఫౌండేషన్ వేసవి పరిశోధనకు స్టైపెండు ఇస్తూ వచ్చింది. ఇవి అందరికీ తెరిచినవే అయినా ఎక్కువగా తెల్లవారే, డబ్బున్నవారే చేరారు. అందుకే నల్లజాతి ఉద్యమాల ఒత్తిడి ఉన్న దేశం వేరే తలుపులు కూడా తెరవాల్సి వచ్చింది.

1986 జనవరిలో చాలెంజర్ వ్యోమనౌక పేలిపోయి చనిపోయినవారిలో రోనాల్డ్ మెక్‌నెయిర్ ఒకరు. దక్షిణ కరోలినాలో వేర్పాటు పాటించిన ఊళ్లో పుట్టి, ఎంఐటీలో భౌతికశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన నల్లజాతి శాస్త్రవేత్త ఆయన. ఆయన పేరుతో పెట్టిన కార్యక్రమంలో మూడింట రెండు వంతుల మంది పేద, మొదటి తరం విద్యార్థులై ఉండాలి, మిగిలినవారు తక్కువ ప్రాతినిధ్యం ఉన్న వర్గాల నుంచి రావాలి. ప్రతి విద్యార్థికీ ఒక అధ్యాపక గైడ్, పరిశోధన స్టైపెండు, పీహెచ్‌డీ దరఖాస్తుకు సాయం ఉంటాయి.

మేరీల్యాండ్ విశ్వవిద్యాలయం బాల్టిమోర్ కౌంటీ శాఖలో 1988లో మొదలైన మయర్‌హాఫ్ కార్యక్రమం ఇంకో ఉదాహరణ. నల్లజాతి విద్యార్థులను సైన్సు పీహెచ్‌డీల దాకా నడిపించడం దాని లక్ష్యం. ఆహ్వానం అందినా చేరకుండా వేరే చోట్లకు వెళ్లినవారితో పోలిస్తే, ఇందులో చేరినవారు సైన్సు పీహెచ్‌డీ వైపు వెళ్లడం సుమారు 5 రెట్లు ఎక్కువని దాని మీద జరిగిన అధ్యయనాలు చెప్పాయి. రెండు గుంపులవారూ తెలివైనవారే. తేడా పక్కన నిలబడ్డ మనుషుల్లో ఉంది.

ఈ రెండు కార్యక్రమాలకూ ఒక పోలిక ఉంది. గైడ్‌ను విద్యార్థి అదృష్టానికి వదలలేదు. కేటాయించడం, జీతంలోనో పనిగంటల్లోనో లెక్కించడం, ఏం జరిగిందో అడగడం సంస్థ బాధ్యతగా పెట్టారు. మన దేశంలో ఎస్సీ విద్యార్థుల జాతీయ ఫెలోషిప్ ఏటా 2000 మందికి ఇస్తున్నారు, 2023 జనవరి నుంచి జేఆర్‌ఎఫ్ నెలకు 37,000 రూపాయలు. అది చాలా విలువైనది. కాని అది మొదలయ్యేది నెట్ గట్టెక్కి, పీహెచ్‌డీలో చేరిన తర్వాత. అక్కడికి చేర్చే మెట్లకు, అంటే డిగ్రీ ప్రాజెక్టు, వేసవి పరిశోధన, సిఫారసు లేఖలకు, మన వర్గాల కోసం పెట్టిన పద్దు లేదు.

మన ఊళ్లోని ప్రశ్నలు

మంచి ప్రశ్న దొరకడం కష్టమని విద్యార్థులు అంటుంటారు. మన ప్రాంతంలో ప్రశ్నలకు కొదవ లేదు. కొన్ని ఇక్కడ చెబుతాం.

ధర్మపురి గోదావరి: 2015 జూలై తర్వాత గోదావరి పుష్కరాలు మళ్లీ 2027లో వస్తాయి. ఘాట్లకు ఎగువన, ఘాటు దగ్గర, దిగువన మూడు చోట్ల నీళ్లు తీసి మామూలు రోజుల్లో, జాతర రోజుల్లో, పుష్కరాలకు ముందు, మధ్యలో, తర్వాత కొలిస్తే ఒక బీఎస్సీ జట్టుకు సరిపడే పని. స్నానానికి పనికొచ్చే నదీజలానికి కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పెట్టిన ప్రమాణాలున్నాయి. లీటరులో కరిగిన ఆక్సిజన్ 5 మిల్లీగ్రాములు, అంతకుమించి ఉండాలి. బీఓడీ 3 మిల్లీగ్రాములు దాటకూడదు. పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. బీఓడీ అంటే నీటిలోని మురికిని తినే సూక్ష్మజీవులకు ఐదు రోజుల్లో ఎంత ఆక్సిజన్ కావాలో చెప్పే లెక్క. సీసా మూసి 20 డిగ్రీల దగ్గర ఐదు రోజులు ఉంచి, మొదటి రోజుకూ చివరి రోజుకూ తేడా తీస్తారు. దీనికి ఇంకో సగం జోడించాలి. ఆ ఘాట్లు ఊడ్చి కడిగే పారిశుధ్య కార్మికులు ఎవరు, వారి చేతులకు గ్లవుజులున్నాయా, ఎన్ని గంటలు ఆ నీళ్లలో నిలబడతారు? నీటి లెక్క, కార్మికుల లెక్క ఒకే పట్టికలో పెట్టగలిగేది ఆ కార్మికుల పిల్లలే.

ఊరి బోరు, వాడ బోరు: ఒకే ఊళ్లో రెండు బోర్ల నీళ్లు ఒకే రోజు తెచ్చి ఫ్లోరైడ్, నైట్రేట్, మొత్తం కరిగిన లవణాలు కొలవాలి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకూడదు, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా అని భారత ప్రమాణం. ఇరవై ఊళ్లలో ఇలా చేస్తే నీళ్లకు కులం ఉందో లేదో అంకెల్లో తెలుస్తుంది. తేడా లేదని తేలినా అది కూడా జవాబే. ముందే జవాబు రాసుకొని కొలవడం పరిశోధన కాదు.

సిరిసిల్ల మరమగ్గాలు: ఎనిమిది గంటల పనికి చెవి భరించే హద్దు 90 డెసిబెల్స్ అని ఫ్యాక్టరీల నిబంధనలు చెబుతాయి. షెడ్డులో మగ్గాల మధ్య ఎన్ని డెసిబెల్స్ ఉందో, పదేళ్లుగా పనిచేసేవారి వినికిడి ఎలా ఉందో కొలవడం మెకానికల్, ఎలక్ట్రానిక్స్ విద్యార్థులు కలిసి చేయగల పని.

ఇసుక: 2017 జూలైలో సిరిసిల్ల జిల్లా నేరెళ్లలో ఇసుక లారీ ఢీకొని ఒకరు చనిపోయారు, లారీలు తగలబడ్డాయి, ఆ తర్వాత అదుపులోకి తీసుకున్న దళితులను, ఇతరులను పోలీసులు చిత్రహింసలు పెట్టారన్న ఆరోపణలు దేశమంతా వినిపించాయి. మన పాఠకులకు ఆ పేరు కొత్త కాదు. ఇసుక తీసిన వాగు పక్క బావుల్లో నీటిమట్టం నెల నెలా టేపుతో కొలిచి, తీయని చోటి బావులతో పోల్చడం సివిల్ విద్యార్థులకు తక్కువ ఖర్చు పని. ఆ పట్టిక రేపు గ్రామసభలో, కోర్టులో సాక్ష్యంగా నిలబడుతుంది.

కోరుట్ల పశువైద్య విద్యార్థులకు భూమి లేని దళిత మహిళలు పెంచే మేకలు, కోళ్లు ఉన్నాయి. ఏ కాలంలో ఏ జబ్బుతో ఎన్ని చస్తున్నాయో ఒక ఏడాది నమోదు చేస్తే అదే మొదటి పేపరు.

విద్యార్థులు చేయగలిగినవి

ప్రాజెక్టు సెమిస్టర్ మొదలయ్యే దాకా ఆగకండి. మొదటి ఏడు చివరికల్లా ఇద్దరు అధ్యాపకులను వారి గదిలో కలవండి. 'సార్, మీరు ఏం పనిచేస్తున్నారు, మాకు ఏదైనా చిన్న పని ఉంటుందా' అని అడగడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. మన పిల్లలు ఈ అడగడం దగ్గరే ఆగిపోతారని మాకు అనుభవంలో తెలుసు. అడిగితే ఏమనుకుంటారో అన్న భయం మనకు తరతరాలుగా నేర్పినది.

మొదటి సమావేశంలోనే నాలుగు విషయాలు తేల్చుకోండి: వారానికి ఏ రోజు కలుస్తాం, ల్యాబు ఎప్పుడు వాడుకోవచ్చు, ఖర్చు ఎవరిది, పేపరు వస్తే పేర్ల వరుస ఏమిటి. తేదీలు వేసిన నోటుబుక్కు ఒకటి పెట్టుకోండి. తెలుగులో రాసుకున్నా పర్వాలేదు. కలిసిన రోజు, చెప్పిన మాట, తీసిన కొలత అందులో ఉండాలి. రేపు లేఖ రాసేవారికి అదే ఆధారం, అన్యాయం జరిగితే మీకూ అదే ఆధారం.

బయటి అవకాశాలు తెలుసుకోండి. ఇంటర్ బోర్డులో అగ్రస్థానపు 1 శాతంలో ఉండి బీఎస్సీలో మూల విజ్ఞానశాస్త్రాలు చదివేవారికి ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ ఏడాదికి 80,000 రూపాయలు. అందులో 20,000 ఒక గైడ్ దగ్గర వేసవి ప్రాజెక్టు చేయడానికే ఉద్దేశించినది. అర్హత ఉండి కూడా దరఖాస్తు చేయని గురుకుల విద్యార్థులు ఉండకూడదు. మూడు జాతీయ సైన్సు అకాడమీలు కలిసి విద్యార్థులకు, అధ్యాపకులకు రెండు నెలల వేసవి ఫెలోషిప్ ఇస్తాయి. దానికి అధ్యాపకుల లేఖ, తాము చేయదలచిన పని మీద చిన్న వ్యాసం కావాలి. ముంబయిలోని హోమీ భాభా కేంద్రం 2004 నుంచి డిగ్రీ సైన్సు విద్యార్థుల కోసం ఎన్‌ఐయూఎస్ నడుపుతోంది. ఐఐటీ హైదరాబాద్ వేసవిలో బయటి కాలేజీల విద్యార్థులను తీసుకుంటుంది. వీటి తేదీలు ప్రతి ఏడూ మారతాయి కాబట్టి సెప్టెంబర్ నుంచే వెతకడం మొదలుపెట్టండి.

సంఘాలు అడగాల్సినవి

విద్యార్థి సంఘాలు ఫీజులు, హాస్టళ్లు, ఉపకార వేతనాల మీద పోరాడుతున్నాయి. వాటి పక్కనే ఈ డిమాండ్లు కూడా చేర్చాలని మా మాట.

ఒకటి, బ్యాచులు, గైడ్ల కేటాయింపు నోటీసు బోర్డు మీద రాసిన పద్ధతి ప్రకారం జరగాలి. ఏ బ్యాచూ ఒకే వర్గంతో మిగిలిపోకుండా డిపార్ట్‌మెంటు చూసుకోవాలి. రెండు, గైడ్ విద్యార్థులను కలిసిన తేదీల రిజిస్టర్ ఉండాలి. డిగ్రీ ప్రాజెక్టు నడిపించినందుకు పనిగంటల్లో, పదోన్నతి లెక్కల్లో చోటివ్వాలి. కాంట్రాక్టు అధ్యాపకులకూ అది వర్తించాలి. మూడు, తెలంగాణ ఎస్సీ, ఎస్టీ ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం 2017 నుంచి ఉంది. ఆ నిధి నుంచి డిగ్రీ, బీటెక్ విద్యార్థులకు వేసవి పరిశోధన స్టైపెండు ఇవ్వాలి, ఆ రెండు నెలలు హాస్టల్ తెరిచి ఉంచాలి. నాలుగు, నాలుగో ఏటి పరిశోధనకు 75 శాతం గడపను సడలించాలి.

వాదన బలంగా ఉండాలంటే అంకెలు కావాలి. సమాచార హక్కు చట్టం కింద మీ జిల్లా ప్రభుత్వ కళాశాలలను మూడేళ్ల వివరాలు అడగండి: ఏ గైడ్‌కు ఎన్ని బ్యాచులు, వాటిలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులెందరు, ప్రాజెక్టులకు పెట్టిన ఖర్చెంత, విద్యార్థుల పేర్లతో వచ్చిన పేపర్లెన్ని. జవాబుకు గడువు 30 రోజులు. సమాన అవకాశాల సెల్, వివక్ష నిరోధక అధికారి ఉండాలని యూజీసీ 2012 నిబంధనల్లోనే చెప్పింది. మీ కాలేజీలో ఆ అధికారి పేరేమిటో అదే దరఖాస్తులో అడగండి.

1916 మే 9న కొలంబియా విశ్వవిద్యాలయంలో ఆంత్రోపాలజీ ఆచార్యుడు గోల్డెన్‌వైజర్ సెమినార్‌లో పాతికేళ్ల విద్యార్థి ఒకరు ఒక పేపరు చదివారు. భారతదేశంలో కులాలు ఎలా పుట్టాయన్నది దాని విషయం. ఆ విద్యార్థి డాక్టర్ అంబేడ్కర్. బరోడా సంస్థానం స్కాలర్‌షిప్ ఆయనను అక్కడికి చేర్చింది, ఒక అధ్యాపకుడి సెమినార్ ఆ పేపరుకు చోటిచ్చింది. ప్రశ్న మాత్రం ఆయన వెంట తెచ్చుకున్నదే. ధర్మపురి వాడల్లోంచి వచ్చే విద్యార్థుల దగ్గర కూడా ప్రశ్నలున్నాయి. వాటికి ఒక టేబులు, వారానికి ఒక గంట, ఆ గంట కూర్చునే గైడ్ కావాలి. అది ఎవరి దయా కాదు, సిలబస్‌లో రాసి ఉన్న హక్కు.

జై భీమ్.